గాయం లోతు

ఆసుపత్రిలో రోగి దగ్గరికి అందరూ వెళ్తారు. డాక్టరు వెళ్తాడు, నర్సు వెళ్తుంది, అన్నం బండి తోసుకుంటూ ఆయా వెళ్తుంది. నేనొక్కదాన్నే వెళ్ళను. రోగి ఇంటికి పోయాక వెనక మిగిలిన కాగితాల దగ్గరికి వెళ్తాను. నా పేరు ఝాన్సీ. పేరు విని గుర్రమెక్కి వస్తాననుకునేరు, ఇరవై ఒక్క ఏళ్ళుగా నేను కుర్చీ దిగిందే లేదు. గుంటూరులో ఒక పెద్ద ఎముకల ఆసుపత్రిలో కోడింగ్ విభాగానికి మొన్నటిదాకా హెడ్డుని. డాక్టర్లు రాసిన ప్రతి జబ్బుకీ ప్రపంచమంతా ఒప్పుకున్న అంకె ఒకటి ఉంటుంది. అది వెతికి వేయడం మా పని.

వేల అంకెల్లో మీకు రెండు తెలిస్తే చాలు. మోకాలి కీలు మార్చాక కుట్ల దగ్గర చీము పట్టిందనుకోండి. అది చర్మం వరకే ఉంటే టీ ఎనభై ఒకటి. మాత్రలు వేసి, కట్టు మారిస్తే పోయే గొడవ. అదే లోపల పెట్టిన లోహం దాకా దిగితే టీ ఎనభై నాలుగు. అప్పుడు మోకాలు మళ్ళీ తెరవాలి. నెల లోపల తెరిచి కడిగితే కీలు దక్కే ఆశ ఉంటుంది. ఆలస్యమైతే క్రిములు లోహం మీద పాచి కట్టుకుని కూర్చుంటాయి. ఏ మందూ ఆ పాచి లోపలికి పోదు. ఇక ఆ కీలు పెరికి తీసేయాల్సిందే.

మాకొక కట్టుబాటు ఉంది. డాక్టరు రాయని జబ్బు మేం వేయకూడదు. అనుమానమొస్తే క్వెరీ పంపాలి. పసుపుపచ్చ చీటీ మీద "గాయం లోతు ఎంతో దయచేసి రాయగలరు" అని అడగాలి. అంతవరకే. "లోహం దాకా దిగిందా సార్?" అని అడిగితే తప్పు, జవాబు మనమే నోటికి అందించినట్టవుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో రోజుకి నాలుగైదు చీటీలు రాసేదాన్ని. తర్వాత మానేశాను. ఎందుకు మానేశానో తర్వాత చెప్తాను, చెప్పక తప్పదు కాబట్టి.

ఇక జాను సంగతి. జాను అంటే సంస్కృతంలో మోకాలట. మా వాళ్ళంతా ఎవరింటి ఆడపిల్లనో పిలిచినట్టు పిలుస్తారు. కీలు లోహంలో గసగసాల గింజంత సెన్సరు పలుకు ఒకటి పొదుగుతారు. లోహం మీద పాచి పట్టడం మొదలైతే ఆ పలుక్కి తెలుస్తుంది. రోజూ పొద్దున్నే అది రోగి ఫోనుకి ఒక గీత పంపుతుంది. గీత లేచిందంటే లోపల ఏదో జరుగుతోందని అర్థం. ఏం జరుగుతోందో చెప్పడానికి మాత్రం ఆ గీతకి నోరు లేదు.

ఆ గీత చదివి అంకె చెప్పే కంప్యూటరు ప్రోగ్రామే జాను. గీతకి ఆ నోరిచ్చినవాడు ఇర్ఫాన్. గుంటూరు సంగడిగుంట కుర్రాడు, ముప్పై దాటాయేమో, కళ్ళజోడు తుడుచుకుంటూనే మాట్లాడతాడు. మూడో అంతస్తులో పాత దుప్పట్ల గది ఖాళీ చేయించి అక్కడే ప్రయోగశాల పెట్టుకున్నాడు. అప్పటికే ఆరువందల మందికి ఈ పలుకున్న కీళ్ళు పెట్టారు. వాళ్ళ గీతలు ఒకవైపు, వాళ్ళ కాగితాలకి నేను వేసిన అంకెలు ఒకవైపు పెట్టి జాను చేత చదివించాడు. ఇలాంటి గీత వచ్చినప్పుడు ఝాన్సీ మేడమ్ ఏ అంకె వేసింది? ఇలా వంకర పోయినప్పుడు ఏది వేసింది? అదే దాని చదువు.

పరీక్ష పెట్టిన రోజు కొత్తగా వంద మందివి తీసుకున్నాం. కాగితాలు చూసి నేను అంకెలు వేశాను, గీతలు చూసి జాను వేసింది. తొంభై తొమ్మిది కలిశాయి. కలవని ఆ ఒక్కటీ నాదే తప్పు, కళ్ళజోడు తీసి పక్కన పెట్టినప్పుడు వేసింది. ఇర్ఫాన్ జిలేబీ తెప్పించి అందరికీ పంచాడు.

"మేడమ్, ఇది అచ్చం మీరే. రేపు మీరు రిటైరైనా మాకేం భయం లేదు" అన్నాడు.

ఆ మాటకి ఎంత పొంగిపోయానో ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉంది. ఇంటికి వెళ్ళి మొదట చెప్పింది మా అక్కకే.

మా అక్క పేరు సామ్రాజ్యం. నాకంటే పద్నాలుగేళ్ళు పెద్దది. కింద వాటాలో అక్కా బావా, పై వాటాలో నేను. అక్క ఆర్టీసీలో కండక్టరు. ఇరవై తొమ్మిదేళ్ళుగా గుంటూరు-తెనాలి రూటు. అన్నేళ్ళు నిలబడి నిలబడి రెండు మోకాళ్ళూ అరిగాయి, ఎడమది మరీను. జూన్ ముప్పైన రిటైర్మెంటు. నాలుగు నెలలే మిగిలాయి కాబట్టి, ఆ పైన చూసుకుందువులే అని బావ అంటే ఆవిడ ఒప్పుకుంటేనా!

"ఆ నాలుగు నెలల కోసమేగా చేయించుకునేది! ఇప్పుడు చూడు, సీటు మీద కూలబడి టిక్కెట్లు కొడతన్నా. జనమే నా దగ్గరికి రావాల్సొస్తంది. కూర్చుని రిటైరయ్యేది లేదు. ఆఖరి ట్రిప్పు అటు మొదలు ఇటు చివర దాకా నిలబడి కొట్టి, నా కాళ్ళ మీద నేను బస్సు దిగుతా."

"అయితే జాను ఉన్న కీలు పెట్టించుకో అక్కా. లోపల ఏమన్నా తేడా వస్తే నీకంటే ముందు దానికే తెలిసిపోద్ది. దానికి చదువు చెప్పింది నేనే."

"నువ్వు చెప్పావంటేనే భయమేస్తందే. చిన్నప్పుడు పక్కింటి పిల్లకి ఎక్కాలు చెప్పి ఫెయిల్ చేయించావు, గుర్తుందా?"

బావ పకపకా నవ్వాడు. మార్చి మొదటి వారంలో డాక్టర్ యుగంధర్ ఆపరేషన్ చేశారు. జిల్లాలో ఆయన్ని మించిన చెయ్యి లేదు. అక్క నాలుగో రోజుకి వాకరు పట్టుకుని వరండాలో నడుస్తూ, ఎదురొచ్చిన నర్సులకి "జరగండి, జరగండి, లోపలికి జరగండి" అని చెప్పడం మొదలుపెట్టింది.

పదిహేడో రోజు కట్టు తడిసింది.

పరీక్ష నెగ్గాక మా ఆసుపత్రిలో జాను మాట నేరుగా రోగుల ఫోన్లకే పోతోంది. అక్క ఫోనుకీ వచ్చింది. పైపై గాయం, టీ ఎనభై ఒకటి, వారం రోజులు మాత్రలు, రెండు రోజులకోసారి కట్టు. కింద యుగంధర్ గారి ఆమోదం కూడా ఉంది. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. మాత్రలు వేసుకున్న మూడో రోజుకి తడి తగ్గింది. కానీ అక్క ముఖంలో తేట రాలేదు.

"లోపల వేడిగా ఉందే" అంది, కాలు దిండు మీద పెట్టుకుని.

"జ్వరం లేదు కదా?"

"జ్వరం కాదే. బస్సులో ఇంజను లోపల వేడెక్కిందనుకో, పైకి ఏం కనపడదు. బానెట్టు మీద చెయ్యి పెడితే తెలుస్తది. అట్టా ఉంది."

"అక్కా, జాను పైపైదే అంది."

"ఆవిడెవరే నా మోకాలి గురించి నాకు చెప్పటానికి?"

"అబ్బా! ఆరువందల మంది కాళ్ళు చూసి నేర్చుకుంది. నీకేం తెలుసు?"

అలా కసిరినందుకు నన్ను నేను చెప్పుచ్చుకు కొట్టుకోవాలి. అక్క దిండు సర్దుకుంది. ఆవిడ ఊరుకుందంటేనే నాకు భయమేయాల్సింది, వేయలేదు.

ఇరవై మూడో రోజు సాయంత్రం టీ ఇద్దామని కిందికి వెళ్ళాను. అక్క కిటికీలోంచి రోడ్డుకేసి చూస్తోంది.

"ఒసే, అంగలకుదురులో ఒక డ్రాయింగు మాస్టారు ఎక్కేవాడే. వెంకటప్పయ్య గారని. రోజూ ఏడుంబావు బస్సుకి తెనాలి వెళ్ళి, పిల్లలకి బొమ్మలు నేర్పొచ్చేవాడు. మీ ఆసుపత్రిలోనే ఇట్టాంటి మోకాలే పెట్టించుకున్నాడు. 'దీనికి చార్జింగు పెట్టాలా సామ్రాజ్యమ్మా?' అని నవ్వించేవాడు. తర్వాత ఒకసారి కట్టుతో కనపడ్డాడు. ఏందయ్యా అంటే, పైపైదే అన్నారమ్మా, అన్నాడు. రెండేళ్ళవుతంది. మళ్ళీ బస్సెక్కలా."

"ఏ ఊరన్నా వెళ్ళాడేమో."

"ఏమో. ఏ స్టాపులో ఎవరు ఎక్కారో టిక్కెట్టు మిషను చెప్పుద్ది. ఎవరు ఎక్కలేదో నేనే చెప్పాలి" అంది అక్క.

ఆ మాట నన్ను రాత్రంతా పొడిచింది. పొద్దున్నే ఆఫీసుకి పోయి, ఇంకా ఎవరూ రాకముందే వెంకటప్పయ్య గారి కాగితాలు తీశాను. రెండు దస్త్రాలున్నాయి. మొదటిది మోకాలు మార్చిన మూడో వారంలోది. "కట్టు తడిసింది, పైపై గాయం" అని డ్యూటీ డాక్టరు రాశాడు. కిందనే మోకాలిలో వేడి పెరుగుతోందనీ, మోకాలు వంచలేకపోతున్నారనీ నర్సు రాసింది. అంకె టీ ఎనభై ఒకటి, వేసింది నేను. రెండో దస్త్రం తొమ్మిది వారాల తర్వాతది. కీలు పెరికి తీసేశారు. అంకె టీ ఎనభై నాలుగు. వేసింది నేనే.

రెండూ నా చేతుల మీదుగానే పోయాయి. ఒకే మనిషివని నాకు తెలియలేదు. నాకు కాగితాలు గుర్తుంటాయి, మనుషులు గుర్తుండరు. నర్సు రాసిన మాట చూసి ఆ రోజు నాకు అనుమానం రాకుండా ఉంటుందా? వచ్చే ఉంటుంది. చీటీ మాత్రం రాయలేదు.

ఎందుకు రాయలేదో చెప్తానన్నాను కదా. ఆరేళ్ళ కిందట ఒక సోమవారం మీటింగులో యుగంధర్ గారు నా పసుపుపచ్చ చీటీ పైకెత్తి అందరికీ వినిపించేలా చదివారు. "ఝాన్సీ గారూ, మీకు లోతులు కావాలంటే వచ్చి థియేటర్లో నిలబడండి, నేను కోసేటప్పుడు టేపు పట్టుకుందురు గాని" అన్నారు. ముప్పై మంది నవ్వారు. నేనూ నవ్వాను, అదీ నా బతుకు. ఆ రోజు నుంచి డాక్టరు ఏం రాస్తే అది వేశాను. పని చకచకా సాగింది. పెండింగు లేని విభాగం అని మాకు షీల్డు కూడా ఇచ్చారు. ఆ రోజుకీ నా బల్ల వెనకాలే ఉంది.

ఇర్ఫాన్ వచ్చేదాకా ఆగి, మూడో అంతస్తుకి పరిగెత్తాను. ఆరువందల మందిలో పైపై గాయమని నేను వేసినవి ఎన్ని, వాళ్ళలో మళ్ళీ వచ్చి కీలు తీయించుకున్నవాళ్ళు ఎంతమంది అని అడిగాను. అతను వెతికాడు. ఇరవై మూడు మంది. అందులో తొమ్మిది మంది మళ్ళీ వచ్చారు.

"ఆ తొమ్మిది మంది గీతలూ పక్కపక్కన పెట్టు."

పెట్టాడు. అన్నీ ఒక్క అమ్మ కడుపున పుట్టినట్టున్నాయి. పదిహేను, పదహారో రోజున లేవడం, మాత్రలు పడగానే కాస్త వంగడం, ఆ పైన మెట్లెక్కినట్టు ఎక్కడం.

"ఇప్పుడు మా అక్కది పెట్టు."

పదో గీత ఆ తొమ్మిదింటి పక్కన నిలబడింది. కొత్తగా చూసినవాడికి తేడా తెలియదు. ఇర్ఫాన్ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు గానీ తుడవలేదు.

"పలుకు తప్పు చెప్పలేదు మేడమ్" అన్నాడు మెల్లిగా. "దానికి తెలుస్తూనే ఉంది. ఇట్లాంటి గీతని పైపైది అనాలని..."

"నేను నేర్పాను."

"మనం నేర్పాం."

"అనుమానమొస్తే అడగొచ్చుగా? దానికా పద్ధతి పెట్టలేదా నువ్వు?"

"మీ కాగితాల్లో ఉంటే నేర్చుకునేది మేడమ్. మూడేళ్ళవి, అన్నీ వెతికా. ఒక్క క్వెరీ కూడా లేదు. అసలు అడగడం అనేది ఒకటుంటుందని దానికి తెలీదు."

నేను అక్కడే కుర్చీలో కూలబడ్డాను. ఒక మనిషి మాట పడలేక నోరు మూసుకుంటే ఆ పాడుబుద్ధి ఒక యంత్రానికి అంటుకుంటుందని ఎవరనుకుంటారు? అది అచ్చం నేనే అన్నాడు కదా ఇర్ఫాన్, నిజమే. నా పిరికితనంతో సహా దిగింది. మే ఒకటో తారీకు నుంచి నలభై ఆసుపత్రుల్లో పెట్టబోతున్నారు దాన్ని.

అదంతా తర్వాత. అక్కకి అది ఇరవై నాలుగో రోజు. నెల కావడానికి ఎంతో టైము లేదు.

సొరుగు అడుగున పాత పసుపుపచ్చ చీటీల పుస్తకం దొరికింది. అంచులు ముడతలు పడ్డాయి. తొమ్మిది చీటీలు రాశాను, తొమ్మిది పేర్లు. తీసుకుని యుగంధర్ గారి ఓపీ గదికి వెళ్ళాను. బయట రోగులు బారు తీరి ఉన్నారు. వాళ్ళ మధ్యలోంచి దూరి లోపలికి పోతే ఆయన తలెత్తి చూశారు.

"ఏంటి ఝాన్సీ గారూ, ఇలా కిందికి దిగారు?"

"క్వెరీలు సార్." మొదటి చీటీ బల్ల మీద పెట్టాను. "గాయం లోతు ఎంతో దయచేసి రాయగలరు."

ఆయన పేరు చూశారు. "వెంకటప్పయ్య? ఈయన కీలు తీసేశాం కదా. ఎప్పటి సంగతి! ఇప్పుడెందుకు?"

రెండోది పెట్టాను. మూడోది పెట్టాను. ఆరోదానికి ఆయన పెన్ను కింద పెట్టేశారు. తొమ్మిదో చీటీ పెట్టేసరికి ముఖంలో చిరాకు పోయింది, ఇంకేదో వచ్చింది.

"వీళ్ళందరివీ తీసేశాం."

"అంతకుముందు అందరివీ పైపై గాయాలని ఉన్నాయి సార్. పదో చీటీ నేను రాయకూడదు. బంధువుల కాగితాలు మేం ముట్టుకోకూడదు." తొమ్మిది చీటీలూ ఆయన వైపు జరిపాను. "పదోది మా అక్కది."

"మీ అక్కగారిది జాను చూసింది కదా? టీ ఎనభై ఒకటి అంది."

"జాను నా అంకెలు చూసి నేర్చుకుంది సార్."

"మీరు?"

"మీరు రాసింది చూసి వేశాను."

"నేను..." అని ఆగిపోయారు. బల్ల మీద తెర వెలుగుతోంది. అందులో ఎవరి పేరో, పక్కన జాను వేసిన అంకె, కింద సరే అని పచ్చ గడి. ఆయన దానికేసి చూస్తూ, "నేనీమధ్య జాను ఏమంటే దానికి సరే నొక్కుతున్నాను" అన్నారు. తెర పక్కకి తిప్పేశారు. "అయితే ఝాన్సీ గారూ, అసలు మోకాలు చూస్తున్నదెవరు?"

నేను నోరు తెరిచాను. ఆయన అప్పటికే లేచి నిలబడ్డారు.

"ఆవిడ్ని తీసుకురండి. ఇప్పుడే. ఏమీ తినొద్దని చెప్పండి."

పదకొండుకల్లా అక్క వచ్చింది. యుగంధర్ గారు ముందు ఆ మోకాలి మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంచారు. "వేడిగా ఉంది" అన్నారు. "ఇదేగా నేను వారం నుంచి మొత్తుకుంటంది!" అంది అక్క. సూది గుచ్చి లాగితే కుడితి నీళ్ళలాంటి ద్రవం వచ్చింది. మధ్యాహ్నం రెండుకి థియేటర్లోకి తీసుకెళ్ళారు.

బావా నేనూ బయట బల్ల మీద కూర్చున్నాం. మూడు గంటల తర్వాత యుగంధర్ గారు బయటికొచ్చి టోపీ తీశారు.

"లోహం దాకా దిగింది. పాచి ఇప్పుడిప్పుడే పడుతోంది. శుభ్రంగా కడిగాం, మధ్యలో ప్లాస్టిక్ ముక్క మార్చాం, లోహం ఉంచాం. దక్కుతుందనే నమ్మకం. కానీ వారం మాత్రలు వేశాం కదా, ఏ క్రిమో ల్యాబుకి దొరక్కపోవచ్చు. మూడు నెలలు గట్టి మందులు వాడాలి. ఇంకో వారం ఆలస్యమైతే..." అని టోపీ జేబులో పెట్టుకున్నారు.

ఆయన అన్నట్టే ల్యాబులో ఏ క్రిమీ మొలవలేదు.

ఐదో రోజు అక్క దిండుకి ఆనుకుని కూర్చుని, "ఎట్టా కనిపెట్టావే?" అని అడిగింది. దాచలేకపోయాను. చీటీలు మానేసిన దగ్గర్నుంచి తొమ్మిది మంది దాకా మొత్తం చెప్పాను. చెప్తూ చెప్తూ ఏడ్చాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆ మాస్టారు కూడానా?"

"ఆయనే మొదటివాడు."

అక్క సెలైన్ సీసాలో చుక్కలకేసి చూసింది.

"నాకంటే నువ్వున్నావు. పరిగెత్తావు, డాక్టరు బల్ల మీద చీటీలు కొట్టావు. వాళ్ళకెవరున్నారే? పైపైదే అంటే నమ్మి ఇంటికి పోయారు. తర్వాత కాలు పోతే, నా ఖర్మ అనుకునుంటారు. వాళ్ళ ఖర్మ కాదని వాళ్ళకెవరు చెప్పాలి?"

"చెప్తే నా ఉద్యోగం పోద్ది అక్కా."

"పోనీవే" అంది, ఎవరో దిగాల్సిన స్టాపు వచ్చిందని చెప్పినంత మామూలుగా.

ఆ వారమే ఐదు పేజీల రిపోర్టు రాసి పై వాళ్ళకిచ్చాను. కింద నా పేరు పెట్టాను. ఇర్ఫాన్ ఆపబోయాడు. "మీ పేరు ఎందుకు మేడమ్, శిక్షణ సమాచారంలో లోపం అని రాద్దాం" అన్నాడు. ఆ లోపానికి కాళ్ళూ చేతులూ ఉన్నాయి, రోజూ తొమ్మిదింటికి వచ్చి సంతకం పెడుతుంది అన్నాను. తర్వాత అతనూ నా పేరు కింద తన పేరు పెట్టాడు. నలభై ఆసుపత్రుల సంగతి ఆగిపోయింది. నన్ను హెడ్డుగా తీసేసి మామూలు కోడరుని చేశారు, విచారణ ఇంకా నడుస్తోంది. షీల్డు నేనే తీసి అటక మీద పెట్టాను.

ఇర్ఫాన్ జానుని మళ్ళీ మొదటి నుంచీ కూర్చోబెట్టాడు. ఈసారి ఒక్కొక్క మనిషి దస్త్రాలన్నీ ఒకచోట కుట్టి చూపించాం. నేను కొత్తలో రాసిన చీటీలు గోడౌనులోంచి తీయించి అవీ పెట్టాం. మే నెలాఖరులో ఒక రోజు యుగంధర్ గారి తెర మీద అంకెకి బదులు ఒక పసుపుపచ్చ గడి వచ్చింది. "గాయం లోతు తెలియడం లేదు. దయచేసి చూడగలరు." ఆయన నాకు ఫోను చేసి, "మీ జాను కూడా మీలాగే విసిగిస్తోందండీ" అన్నారు. అని, ఆ రోగిని చూడటానికి వెళ్ళారు. ఆ ఫోను పెట్టేశాక బాత్రూములోకి పోయి ముఖం కడుక్కుని వచ్చాను.

తొమ్మిది మందికీ తప్పు జరిగిందని ఉత్తరాలు పంపాలని పైన నిర్ణయించారు. ఉత్తరం ఎలా ఉండాలో ఇంకా తేల్చుకుంటున్నారు. నేను ఆగలేకపోయాను.

జూన్ ముప్పై వచ్చింది. అక్క మోకాలు దక్కింది, కానీ డ్యూటీకి డాక్టరు ఒప్పుకోలేదు. పొద్దున్నే లేచి ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుని, వేసుకోకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను చెప్పులేసుకుంటుంటే, "ఏడుంబావు బండి అందుకో. ఎడమ పక్క కూర్చో, ఎండ పడదు. సంగం జాగర్లమూడి దాటంగానే లేచి తలుపు దగ్గరికి పో, లేకపోతే ముందుకు తీసుకుపోతాడు" అని చెప్పింది. ఆ గొంతులో ఏడుపుంది. నా వల్ల పోయింది ఆవిడ ఆఖరి ట్రిప్పు. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా నేను కూర్చోలేదు. కొత్త కండక్టరు రెండుసార్లు చెప్పి ఊరుకున్నాడు. అంగలకుదురు దాకా నిలబడే వెళ్ళాను.

మాస్టారి ఇల్లు పెంకుటిల్లు. గోడల నిండా పిల్లలు వేసిన బొమ్మలు. ఆయన చెక్క కుర్చీలో ఎడమ కాలు ముందుకి చాపుకుని ఉన్నారు. ఆ కాలు ఇక వంగదని కాగితాల్లో చదివాను.

"ఎవరమ్మా?"

"గుంటూరు ఆసుపత్రి నుంచండీ. సామ్రాజ్యం గారి చెల్లెల్ని."

"కండక్టరమ్మ చెల్లెలివా!" ముఖం విప్పారింది. వెంటనే ముడుచుకుంది. "మళ్ళీ ఏం కాగితాలు కావాలమ్మా? అన్నీ ఇచ్చేశానే."

"కాగితాల కోసం రాలేదు మాస్టారూ. మీ మోకాలు చూడటానికొచ్చాను."

ఆయన నావంక వింతగా చూశారు. నేను నేల మీద కూర్చుని, ఆగకుండా చెప్పేశాను. నర్సు రాసింది నేను చదివాననీ, అడగాల్సింది అడగలేదనీ, అప్పుడే తెరిచి ఉంటే కీలు దక్కే ఆశ ఉండేదనీ, ఇది ఆయన ఖర్మ కాదనీ. ఆయన అడ్డం రాకుండా విన్నారు. తర్వాత కిటికీకేసి తిరిగారు.

"నేను కట్టు సరిగ్గా చూసుకోలేదని మా ఆవిడ పోయేదాకా నన్ను తిట్టిందమ్మా" అన్నారు. "నేనూ అదే నమ్మాను."

ఆయన వంగి పంచె అంచు మోకాలి పైకి లాక్కున్నారు. ఇరవై ఒక్క ఏళ్ళలో వేల గాయాలకి అంకెలు వేశాను. ఒక గాయాన్ని చూడటం అదే మొదటిసారి. చిప్ప పక్కన చర్మం లోపలికి ముడుచుకుపోయి, చిన్న గుంటలా ఉంది.

"చూడమ్మా. వేలు పెట్టి చూడు, ఇప్పుడు నొప్పి లేదులే" అన్నారు మాస్టారు.

నేను పైపైనే అని రాసిన చోట వేలు పెట్టాను. మొదటి కణుపు దాకా దిగింది.